లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైలు, రాత్రి ఓడ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు సెలవులు దగ్గరపడగానే నన్ను ఒకటే అడుగుతుంటారు: "విమానం కాకుండా ఓడలో వెళ్లారట కదా, ఎలా వెళ్లారు?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పిందే మళ్లీ చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసి పెట్టాను. ఇది లండన్ నుంచి హార్విచ్ దాకా రైలు, అక్కడి నుంచి హాలండ్ (నెదర్లాండ్స్)లోని హుక్ రేవు దాకా ఓడ, ఆపైన మెట్రో, రైలు మీద ఆమ్‌స్టర్‌డామ్ చేరే దారి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకునేటప్పుడు

విమానంలో గంటంపావులో చేరిపోతాం కదా, ఓడలో ఎందుకు వెళ్లాలి?

ఆ గంటంపావు గాల్లో ఉండే సమయం మాత్రమే. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లడం, సెక్యూరిటీ లైన్, దిగాక మళ్లీ ఊళ్లోకి రావడం కలిపితే సగం రోజు పోతుంది. రాత్రి ఓడ సంగతి వేరు. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి సికింద్రాబాద్ వచ్చినట్టు, ఇక్కడ రాత్రి 11 గంటలకు హార్విచ్‌లో బయలుదేరితే పొద్దున్న 8 గంటలకు హాలండ్‌లో ఉంటారు. పగలు వృథా కాదు, ఒక రాత్రి హోటల్ ఖర్చు తగ్గుతుంది. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే నేను ఇదే దారి చెబుతాను. కాళ్లు చాపుకుని పడుకోవడానికి మంచం ఉంటుంది, నడవడానికి చోటు ఉంటుంది.

యూరోస్టార్ రైలు నేరుగా వెళ్తుంది కదా?

వెళ్తుంది. లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి సుమారు నాలుగు గంటలు. ముందుగా కొంటే ధర బాగానే ఉంటుంది, సెలవుల్లో ఆలస్యంగా కొంటే కళ్లు తిరుగుతాయి. మీ దగ్గర ఉన్నది రెండు రోజులే అయితే యూరోస్టార్‌లోనే వెళ్లండి. రాత్రి ప్రయాణం చేసి పొద్దున్నే ఊళ్లో దిగాలనుకుంటే ఓడే మేలు.

మేము లండన్‌లో ఉండం, మాంచెస్టర్ వైపు ఉంటాం. మాకు కూడా హార్విచేనా?

అక్కర్లేదు. ఉత్తరాన ఉండేవాళ్లకి న్యూకాసిల్ నుంచి ఐమౌడెన్‌కి రాత్రి ఓడ ఉంది. ఐమౌడెన్ ఆమ్‌స్టర్‌డామ్‌కి పక్కనే, ఓడ దిగినవాళ్ల కోసం బస్సు కూడా ఉంటుంది. హల్ నుంచి రోటర్‌డామ్ దగ్గరి యూరోపోర్ట్‌కి ఇంకొక ఓడ ఉంది. ఆ రెండూ హార్విచ్ ఓడ కంటే ఎక్కువ గంటలు సముద్రం మీద ఉంటాయి. లండన్, కేంబ్రిడ్జ్, కోల్చెస్టర్, ఇప్స్విచ్ వైపు వాళ్లకు మాత్రం హార్విచ్ దగ్గర.

## వీసా, కాగితాలు

యూకే వీసా ఉంది కదా, నెదర్లాండ్స్‌కి వేరే వీసా కావాలా?

కావాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, మీరు యూకేలో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నా సరే, షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) తప్పనిసరి. ఓడ టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన హార్విచ్‌లో ఎక్కనివ్వరు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లకు 180 రోజుల్లో 90 రోజుల వరకు పర్యటనకి వీసా అక్కర్లేదు. ఇంట్లో ఒకరిది బ్రిటిష్ పాస్‌పోర్ట్, ఇంకొకరిది ఇండియన్ అయితే ఇద్దరి సంగతీ విడివిడిగా చూసుకోండి.

వీసాకి ఎప్పుడు అప్లై చేయాలి? ఏమేం పెట్టాలి?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కానీ 45 రోజుల దాకా తీసుకునే హక్కు వాళ్లకుంది. అసలు టెన్షన్ అపాయింట్‌మెంట్ దగ్గరే. వేసవికి, క్రిస్మస్‌కి స్లాట్లు దొరకవు, అందుకే కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు (2024 జూన్ నుంచి), దానిపైన సర్వీస్ చార్జీ.

పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. ఉద్యోగం లేదా కాలేజీ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, బస వివరాలు, రానుపోను బుకింగ్, యూకేలో మీ హోదా రుజువు కూడా పెట్టాలి.

ఫారంలో చేరే తేదీ ఏది రాయాలి? శుక్రవారం రాత్రి ఎక్కి శనివారం దిగుతాం.

శనివారం రాయండి. షెంగెన్‌లోకి అడుగుపెట్టేది హుక్‌లో దిగాకే. ఇన్సూరెన్స్ మాత్రం శుక్రవారం నుంచి తీసుకోండి, ఓడలో జారిపడినా అది పనికొస్తుంది. కవర్ లెటర్‌లో "శుక్రవారం రాత్రి ఓడలో" అని ఒక వాక్యం రాస్తే, ఆ రాత్రికి హోటల్ బుకింగ్ ఏదని ఎవరూ అడగరు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లని కూడా తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, కానీ వాళ్ల షెంగెన్ వీసా ఇండియాలో ఉండగానే తీసుకోవాలి. విజిటర్‌గా యూకే వచ్చినవాళ్లు ఇక్కడి నుంచి అప్లై చేస్తే మామూలుగా తీసుకోరు, నివాసం ఉన్న దేశంలోనే చేయమంటారు. వాళ్ల యూకే వీసా మల్టిపుల్ ఎంట్రీ అని కూడా ముందే చూసుకోండి. ఈ ఒక్క విషయం ఆలస్యంగా తెలిసి, అమ్మానాన్నలని ఇంట్లో వదిలి వెళ్లలేక ప్రయాణమే మానుకున్నవాళ్లు నాకు తెలుసు.

పిల్లలతో నేనొక్కదాన్నే వెళ్తున్నాను. వేరే లెటర్ కావాలా?

తీసుకెళ్లండి. పిల్లలతో తల్లిగానీ తండ్రిగానీ ఒక్కరే వస్తే డచ్ సరిహద్దు అధికారులు రెండో వాళ్ల అనుమతి అడగవచ్చు. సంతకంతో లెటర్, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ, పిల్లల బర్త్ సర్టిఫికెట్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. మన ఇళ్లలో తల్లి పాస్‌పోర్ట్‌లో పుట్టింటి పేరు, పిల్లలకి తండ్రి ఇంటిపేరు ఉండటం మామూలే కాబట్టి బర్త్ సర్టిఫికెట్ మరీ ముఖ్యం.

## టికెట్లు కొనేటప్పుడు

రైలుకి, ఓడకి వేర్వేరుగా కొనాలా?

రెండూ కలిపి ఇచ్చే "రైల్ అండ్ సెయిల్" టికెట్ ఈ ఓడలు నడిపే స్టెనా లైన్ సంస్థ దగ్గర దొరుకుతుంది. ఇంగ్లండ్ వైపు రైలు, ఓడ ఒకే టికెట్ మీద వస్తాయి. కొనేటప్పుడు డచ్ వైపు ప్రయాణం కూడా అందులో కలిసిందా లేదా అన్న వాక్యం చదివి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాలాసార్లు విడిగా కొన్నదాని కంటే ఇదే చవక. ఇంకో లాభం, ఫలానా రైలే ఎక్కాలన్న ఒత్తిడి లేకుండా కాస్త ముందు రైలులో వెళ్లిపోవచ్చు.

రాత్రి ఓడలో క్యాబిన్ తప్పనిసరా? కుర్చీలో కూర్చుని వెళ్లలేమా?

హార్విచ్, హుక్ మధ్య రాత్రి ఓడలో క్యాబిన్ తప్పనిసరి. డబ్బు ఆదా కావాలంటే పగటి ఓడ ఎక్కండి. అది హార్విచ్‌లో పొద్దున్న 9 గంటలకు బయలుదేరి సాయంత్రం అయిదుంపావు ప్రాంతంలో చేరుతుంది, క్యాబిన్ అక్కర్లేదు. అయితే లండన్ నుంచి తెల్లవారుజాము రైలు పట్టుకోవాలి, ఆమ్‌స్టర్‌డామ్ చేరేసరికి రాత్రవుతుంది.

క్యాబిన్ ఎలాంటిది తీసుకోవాలి?

లోపలి క్యాబిన్‌కి కిటికీ ఉండదు, బయటి దానికి ఉంటుంది. రాత్రి చీకట్లో కిటికీలోంచి కనిపించేది ఏమీ లేదు. హుక్ దగ్గర పడ్డాక మాత్రం పైడెక్ మీదికి వెళ్లి చూడాల్సిందే, కాబట్టి నేను లోపలిదే తీసుకుంటాను. ప్రతి క్యాబిన్‌లోనూ బాత్‌రూమ్, షవర్, దుప్పట్లు, తువ్వాళ్లు ఉంటాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే కింది మంచాలు ఎన్ని ఉన్నాయో తప్పకుండా చూడండి. మొదటిసారి నేను అది చూడలేదు. మా అమ్మ ఆ సన్నటి నిచ్చెన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నేను వద్దని కిందికి దింపి, నా మంచం ఇచ్చి పైకెక్కాను. రెండోసారి నుంచి రెండు కింది మంచాలున్న క్యాబిన్ అడిగి మరీ తీసుకుంటున్నాను.

వీసా రాకముందే టికెట్ కొనాలా? వీసా రాకపోతే డబ్బు పోతుంది కదా?

రద్దు చేసుకునే వీలున్న టికెట్ కొనండి. కొంచెం ఎక్కువ ధర, కానీ ప్రశాంతంగా నిద్రపడుతుంది. హోటల్ కూడా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేదే పెట్టండి. వీసా స్టాంప్ చూశాక చవక టికెట్‌కి మార్చుకోవచ్చేమో అప్పుడు చూసుకోవచ్చు.

## బయలుదేరే రోజు

లండన్ నుంచి హార్విచ్‌కి ఏ స్టేషన్‌లో ఎక్కాలి? ఎంతసేపు?

లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కాలి, గంటన్నర ప్రాంతం పడుతుంది. కొన్ని రైళ్లు నేరుగా వెళ్తాయి, కొన్నింటికి మానింగ్‌ట్రీలో మారాలి. దిగాల్సిన స్టేషన్ పేరు హార్విచ్ ఇంటర్నేషనల్. అదే లైన్‌లో డవర్‌కోర్ట్, హార్విచ్ టౌన్ అని ఇంకా రెండు స్టేషన్లున్నాయి, పేరు చూసి పొరపడి టౌన్ దాకా వెళ్లకండి. ఇంటర్నేషనల్ స్టేషన్ బయటికి రాగానే ఓడల టెర్మినల్, టాక్సీ అక్కర్లేదు. ఈ రేవు 1883లో రైలు కంపెనీయే కట్టింది, అందుకే రైలూ ఓడా ఇంత దగ్గరగా ఉన్నాయి.

ఎంత ముందు చేరుకోవాలి?

బయలుదేరే సమయానికి 45 నిమిషాల ముందు చెక్-ఇన్ మూసేస్తారు. మీరు మాత్రం రెండు గంటల ముందు ఉండేలా చూసుకోండి. ఆ సమయానికి ఓడలోకి ఎక్కనిస్తారు కూడా, కాబట్టి బెంచీ మీద కూర్చునే పని లేదు.

ఇంకో మాట. ఆదివారాల్లో, బ్యాంక్ హాలిడేల్లో పట్టాల పనులని రైళ్లు ఆపి బస్సులు నడుపుతారు. ఒకసారి మమ్మల్ని దారిలో దించి బస్సెక్కించారు. చేతిలో గంటన్నర అదనంగా ఉంచుకోబట్టి ఓడ దొరికింది. బయలుదేరే వారం ముందు, ఆ రోజు పొద్దున్న కూడా రైలు టైమ్ చూసుకోండి.

లగేజ్ ఎంత తీసుకెళ్లవచ్చు? తూకం వేస్తారా?

విమానంలోలాగా 23 కిలోలు అంటూ తూకం ఉండదు, 100 మిల్లీలీటర్ల సీసాల గొడవా లేదు. మీరు మోయగలిగినంత తీసుకెళ్లండి. స్కానింగ్ మాత్రం ఉండవచ్చు, కత్తుల్లాంటివి పెట్టుకోకండి. మెట్లు, ప్లాట్‌ఫారాలు మారడాలు ఉన్నాయి కనుక తలకొక చక్రాల సూట్‌కేస్ చాలు.

ఆవకాయ, నెయ్యి, చికెన్ పచ్చడి తీసుకెళ్లవచ్చా?

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సొంతానికైనా తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పెరుగు, పాలకోవా, పనీర్, చీజ్ శాండ్‌విచ్ అన్నీ అందులోకి వస్తాయి. నేతి స్వీట్లు కూడా ఇంట్లోనే పెట్టేయండి.

ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చేగోడీలు, జంతికల్లాంటివి తీసుకెళ్లవచ్చు. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలకి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం మాత్రం మినహాయింపు.

మా అమ్మ పెరుగన్నం లేకుండా నిద్రపోదు. స్టీలు క్యారియర్‌లో కలిపి తెచ్చి, ఓడ కదలకముందే డెక్ పక్కన బల్ల మీద మూత తీసి ముగ్గురం తినేస్తాం. ఆవాల తాలింపు వాసనకి పక్క బల్ల మీది డచ్ లారీ డ్రైవర్ అదేమిటని అడిగి రెండు ముద్దలు తిన్నాడు. హుక్‌లో దిగేసరికి క్యారియర్ కడిగి ఖాళీగా ఉంటుంది, దాచుకోవాల్సింది ఏమీ ఉండదు.

## ఓడలో

ఓడ ఊగుతుందా? వాంతులు అవుతాయేమోనని భయంగా ఉంది.

ఈ దారిలో తిరిగే స్టెనా హాలండికా, స్టెనా బ్రిటానికా రెండూ సుమారు 240 మీటర్ల పొడవున్న పెద్ద ఓడలు, 2010లో వచ్చినవి. మామూలు రోజుల్లో ఇంజిన్ సన్నటి వణుకు తప్ప ఏమీ తెలియదు. చలికాలంలో ఉత్తర సముద్రంలో గాలి లేస్తే మాత్రం ఊగుతుంది. వాంతులు అలవాటున్నవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ అడగండి. మాత్ర వేసుకుంటే వికారం మొదలయ్యాక కాదు, బయలుదేరకముందే వేసుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఫార్మసిస్ట్‌ని అడిగే తీసుకోండి. కడుపు ఖాళీగా ఉంచకండి, పడుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ రుచి మీద ఆశ పెట్టుకోకండి. ఫ్రైస్, సలాడ్, రొట్టె, సూప్ లాంటివి. రాత్రి భోజనం ఇంటి నుంచి తెచ్చుకుని, పొద్దున్న కాఫీ మాత్రం ఓడలో తాగడం మా పద్ధతి. క్యాబిన్‌లో రైస్ కుక్కర్, హీటర్ కాయిల్ పెట్టడం ప్రమాదం, అలాంటి పని చేయకండి.

ఫోన్ పని చేస్తుందా?

తీరం దాటాక ఫోన్ ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, అది మీ రోమింగ్ ప్లాన్‌లో ఉండదు. ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి. ఇంటికి "ఎక్కేశాం" అని చెప్పేది రేవులో ఉండగానే చెప్పేయండి. అలాగే అలారం పెట్టుకునే ముందు గుర్తుంచుకోండి, హాలండ్ సమయం బ్రిటన్ కంటే గంట ముందుంటుంది. 8 గంటలకు చేరడం అంటే మీ శరీరానికి ఇంకా 7 గంటలే.

పొద్దున్న చూడడానికి ఏమైనా ఉందా?

తప్పకుండా లేవండి. రోటర్‌డామ్ రేవు క్రేన్లు, గాలిమరలు, చమురు ట్యాంకుల దీపాలు పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటపడతాయి.

ఈ దారికి ఒక పాత కథ కూడా ఉంది. 1938 డిసెంబర్ 2న నాజీల నుంచి తప్పించిన సుమారు 200 మంది యూదు పిల్లలు తల్లిదండ్రులు లేకుండా, హుక్ నుంచి వచ్చిన ఓడలో హార్విచ్‌లో దిగారు. ఆ తర్వాత వేలమంది పిల్లలు అలాగే వచ్చారు. రెండు ఊళ్లలోనూ వాళ్ల స్మారక విగ్రహాలున్నాయి. మా పాపకి ఆ సంగతి డెక్ మీదే చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

## దిగాక, ఆమ్‌స్టర్‌డామ్ దాకా

పాస్‌పోర్ట్ చెకింగ్ ఎక్కడ? ఏం అడుగుతారు?

డచ్ తనిఖీ హుక్‌లో దిగాక ఉంటుంది. ఎందుకు వచ్చారు, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితం మీద ఉంచుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే కాగితమే కాపాడుతుంది. 2025 అక్టోబర్ నుంచి యూరప్ సరిహద్దుల్లో స్టాంప్ బదులు ఫొటో, వేలిముద్రలతో నమోదు చేసే పద్ధతి మొదలైంది, లైన్ కాస్త నెమ్మదిగా కదలవచ్చు.

హుక్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి నేరుగా రైలు ఉందా?

ఇప్పుడు లేదు. పాత రైలు మార్గాన్ని మెట్రోగా మార్చారు, 2019 సెప్టెంబర్ నుంచి మెట్రో నడుస్తోంది. టెర్మినల్ పక్కనే ఉన్న హుక్ ఫాన్ హాలండ్ హావెన్ స్టేషన్‌లో బి లైన్ మెట్రో ఎక్కి, షీడామ్ సెంట్రమ్‌లో దిగండి. అక్కడ ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రాల్ వెళ్లే ఇంటర్‌సిటీ ఎక్కాలి. దెన్ హాగ్, లైడెన్ మీదుగా వెళ్తుంది. మొత్తం రెండు గంటల లోపే, పదిన్నరకల్లా ఊళ్లో ఉంటారు.

తొందర లేకపోతే మెట్రోలో ఎదురు దిశలో ఒక్క స్టేషన్ వెళ్లండి, సముద్రపు ఒడ్డు వస్తుంది. 2023లో అక్కడిదాకా లైన్ పొడిగించారు. పొద్దున్నే పిల్లల్ని ఇసుకలో కాసేపు వదిలితే మిగతా ప్రయాణం అల్లరి చేయరు.

మెట్రో, రైలు టికెట్ ఎలా? బ్యాంక్ కార్డ్ చాలా?

కాంటాక్ట్‌లెస్ కార్డ్ చాలు. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి ట్యాప్ చేయాలి. తలకొక కార్డ్ ఉండాలి, ఒకే కార్డ్ మీద ఇద్దరు వెళ్లడానికి లేదు. కార్డ్‌తో ట్యాప్ చేసి, బయటికి ఫోన్‌తో ట్యాప్ చేస్తే రెండూ వేర్వేరుగా లెక్కవుతాయి, రెండుసార్లు డబ్బు పోతుంది.

షీడామ్‌లో జాగ్రత్త. మెట్రో సంస్థ వేరు, రైలు సంస్థ వేరు. మెట్రో దగ్గర చెక్-అవుట్ చేసి, రైలు సంస్థ గుర్తు ఉన్న యంత్రం దగ్గర మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మేం మొదటిసారి ఆ రెండో ట్యాప్ మరిచిపోయి, రైలు వచ్చేస్తుంటే ప్లాట్‌ఫారం మీది నుంచి వెనక్కి పరిగెత్తాం.

## ఊళ్లో

హోటల్ రూమ్ మధ్యాహ్నం గానీ ఇవ్వరు. లగేజ్‌తో ఏం చేయాలి?

చాలా హోటళ్లు బ్యాగులు ఉంచుకుంటాయి, లేదంటే సెంట్రాల్ స్టేషన్‌లోనే లాకర్లున్నాయి. బ్యాగులు పెట్టేసి స్టేషన్ వెనక వైపుకి వెళ్లండి. ఐ అనే నీటిపాయ దాటించే చిన్న ఫెర్రీలు ఉచితం, టికెట్టే లేదు. నిద్ర చాలని మొదటి పూటకి అంతకంటే హాయైన పని నాకు తెలియదు.

మ్యూజియం టికెట్లు అక్కడే కొనవచ్చా?

వద్దు. వాన్ గో మ్యూజియం, ఆన్ ఫ్రాంక్ ఇల్లు రెండింటికీ టైమ్ స్లాట్‌తో ఆన్‌లైన్‌లోనే కొనాలి. ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి తేదీలకి విడుదల చేస్తారు, త్వరగా అయిపోతాయి. ట్యులిప్ పూల కోసం క్యూకెన్‌హోఫ్ తోట చూడాలంటే మార్చి చివరి నుంచి మే మధ్య దాకానే. రోజు మొదట్లోనే మ్యూజియం స్లాట్ పెట్టకండి, ఓడ గంట ఆలస్యమైతే టికెట్ పోతుంది.

మన తిండి దొరుకుతుందా?

ఇండియన్ హోటళ్లున్నాయి. నేను మాత్రం సూరినామ్ రోటీ షాపుకి వెళ్లమంటాను. 1873 నుంచి ఉత్తర భారతం నుంచి కూలీలుగా దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్లినవాళ్ల వారసులు తర్వాత నెదర్లాండ్స్‌కి వచ్చి స్థిరపడ్డారు. పప్పు పొడి కూరిన మెత్తటి రోటీ, బంగాళాదుంప, బొబ్బర్లకాయల కూర ఇస్తారు. శాకాహారం అని ముందే చెప్పండి, గుడ్డు పెడతారు.

హోటల్ బిల్లులో అదనంగా ఏదో టాక్స్ వేశారు. మోసమా?

మోసం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది ధర మీద 12.5 శాతం టూరిస్ట్ టాక్స్ ఉంది (2024 నుంచి). బడ్జెట్ వేసుకునేటప్పుడే కలుపుకోండి.

## తిరిగి వచ్చేటప్పుడు

తిరుగు ఓడ ఎన్నింటికి?

రాత్రి ఓడ హుక్‌లో 10 గంటలకు బయలుదేరి హార్విచ్‌కి పొద్దున్న ఆరున్నరకు చేరుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సాయంత్రం ఆరుకల్లా రైలెక్కండి. సోమవారం పొద్దున్న దిగి నేరుగా ఆఫీసుకి వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు.

బీఆర్‌పీ కార్డ్ (యూకే నివాస అనుమతి కార్డ్) ఎక్స్‌పైర్ అయిపోయింది. తిరిగి రానిస్తారా?

ఆ కార్డుల గడువు 2024 డిసెంబర్ 31తోనే ముగిసింది, ఇప్పుడంతా ఈ-వీసా. మీ యూకేవీఐ (యూకే వీసా విభాగం) ఆన్‌లైన్ అకౌంట్‌లో ఇప్పుడు వాడుతున్న పాస్‌పోర్ట్ నంబర్ ఉందో లేదో ఇంట్లో ఉండగానే చూడండి. పాస్‌పోర్ట్ రెన్యూ చేయించి, అకౌంట్‌లో మార్చని వాళ్లకే రేవులో చిక్కులు వస్తాయి. మీ హోదా ఇతరులకు చూపించే షేర్ కోడ్ ఒకటి అందులోంచి తీసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

డచ్ చీజ్ కొనుక్కురావచ్చా?

గౌడా చీజ్ దుకాణం ముందు నిలబడి ఇది గుర్తు చేసుకోండి: 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి బ్రిటన్‌లోకి ఆవు, మేక, గొర్రె, పంది మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధించారు. గాలికుంటు వ్యాధి భయం దానికి కారణం. ప్యాక్ చేసినదైనా, డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా కుదరదు. కొనేముందు ఆ నిషేధం ఇంకా ఉందో లేదో యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మేం స్ట్రూప్ వాఫెల్ బిస్కెట్ల డబ్బాలు తెస్తాం, పంచిపెట్టడానికి అవే బాగుంటాయి.